వాయించే వేళ్లని అడిగారా?

పోయిన నెల మా ఇంట్లో పదిహేను రోజులు ఒకటే చర్చ. పెళ్లి సంబంధం గురించి కాదు, స్థలం కొనడం గురించి కాదు. కీబోర్డు గురించి.

హాల్లో మావారు, సెలవు మీద వచ్చిన మా తమ్ముడు, పక్క ఫ్లాట్ అన్నయ్యగారు ఫోన్లు ముందు పెట్టుకుని లెక్కలేస్తున్నారు. "ఇందులో సౌండ్స్ ఎక్కువ బావా", "దాని మెమరీ చూడు", "స్క్రీన్ దీనిదే పెద్దది". ముగ్గురిలో ఒక్కరికీ సరిగమలు వాయించడం రాదు. వాయించాల్సిన మా అమ్మాయి వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. డబ్బు పెట్టాల్సిన నేను స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను.

మన ఇళ్లల్లో ఏది కొన్నా ఇంతే కదా! మిక్సీ కొనేటప్పుడు వాట్స్ చూసేది వాళ్లు, దాంతో తిప్పలు పడేది మనం. ఈసారి మాత్రం నేను గరిటె పక్కన పెట్టి హాల్లోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో, తీరా వెళ్లాక నా లెక్క కూడా ఎక్కడ తప్పిందో చెబుతాను వినండి.

మా చిన్నీ డిగ్రీ రెండో సంవత్సరం. ఆరో క్లాసు నుంచి పియానో నేర్చుకుంది. ఇప్పుడు విజయవాడలోనే ఐదుగురు పిల్లలు కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నారు. రిసెప్షన్లకీ, కాలేజీ ఫంక్షన్లకీ వాయిస్తారు. ఇన్నాళ్లూ అరువు కీబోర్డుతో నెట్టుకొచ్చింది. నా చీటీ పాడితే 1,60,000 రూపాయలు చేతికొచ్చాయి. "ఆ డబ్బుకి పిల్లకి రెండు గాజులొస్తాయి కదమ్మా" అన్నారు మా అత్తయ్య. ఆవిడ మాటలో తప్పు లేదు. బంగారం అవసరానికి అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. కీబోర్డు షాపు గుమ్మం దాటిందంటే దాని ధర తగ్గిపోతుంది. అందుకే ఈసారి తప్పు జరగకూడదని నా ఆరాటం. ఎందుకంటే ఒకసారి ఆ తప్పు నేనే చేశాను.

అది తను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పటి మాట. ఇంట్లో సాధన చేయడానికి ఒక కీబోర్డు కొన్నాం. వందల సౌండ్స్, వందల రిథమ్స్, ధర తక్కువ, చూడ్డానికి ముచ్చటగా ఉంది. నేనే ఎంచాను. రెండేళ్లు దాని మీదే సాధన చేసింది. తర్వాత గ్రేడ్ పరీక్షకి వెళితే అక్కడ పెట్టింది అసలైన పియానో. బయటికొచ్చి, "నొక్కుతున్నానమ్మా, కానీ శబ్దం రావట్లేదు" అని ఏడ్చింది. మెల్లగా వాయించాల్సిన చోట అసలు మోగలేదట, గట్టిగా కొట్టిన చోట మరీ గట్టిగా మోగిందట. ఆ తర్వాత ఏడాది పాటు ఆ కీబోర్డు జోలికి పోలేదు. దాని మీద మేం ఇస్త్రీ బట్టలు పెట్టుకునేవాళ్లం.

లోపం పిల్లలో లేదు, కీస్‌లో ఉంది. పియానోలో కీ నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి ఎగిరి తీగను కొడుతుంది. ఆ సుత్తి బరువు వేలికి తెలుస్తుంది. మామూలు కీబోర్డులో కీ కింద ఉండేది స్ప్రింగో, రబ్బరో. దానికి అలవాటుపడ్డ వేలికి సుత్తి బరువు కొత్త. బెల్లం ముద్దని గోరుతో గిల్లడం నేర్పి, కొబ్బరికాయ కొట్టమంటే ఎలా?

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నిజానికి తెలిసి ఉండాల్సింది. మా నాన్న పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. ఎవరైనా కొత్త పెట్టె కొంటూ ఆయన్ని తోడు తీసుకెళితే, ముందు మూతలూ నగిషీలూ చూసేవారు కాదు. కళ్లు మూసుకుని ఒక్కో మెట్టు మీద వేలు పెట్టి వదిలేవారు. "మెట్టు వేలి కింద బతికుండాలే" అనేవారు. నేను తెలుగు బీఏ చదివి ఆ మాటని అలంకారం అనుకున్నాను. అది అలంకారం కాదు, కొనుగోలు సలహా.

సరే, అసలు విషయానికొస్తాను. మా పిల్ల అడుగుతున్నది మామూలు కీబోర్డు కాదు, వర్క్‌స్టేషన్. ఈ పేరు వినని వాళ్ల కోసం రెండు మాటలు. ఒకే పెట్టెలో పియానో, వయొలిన్లు, ఫ్లూటు, డ్రమ్స్ అన్నీ ఉంటాయి. వాయించిందాన్ని అదే గుర్తుపెట్టుకుంటుంది. ముందు డ్రమ్స్ వాయించి, దాని మీద బేస్, దాని మీద వయొలిన్లు వరసగా పేర్చుకుంటూ పోతే, మనిషి ఒక్కరే అయినా పాట మొత్తం తయారవుతుంది. 1988లో కోర్గ్ కంపెనీ ఎం1 అనే మోడల్ తెచ్చింది. వర్క్‌స్టేషన్‌ని ప్రపంచమంతా వాడేలా చేసింది అదే. ఆ రోజుల్లో దాని లోపలున్న వాయిద్యాల శబ్దాలన్నీ కలిపి 4 ఎంబీ. ఇప్పుడు మనం ఉదయాన్నే పంపుకునే ఒక శుభోదయం వీడియో అంతకంటే పెద్దది!

దీనికీ అరేంజర్ అనే దానికీ తేడా తెలుసుకోవాలి. అరేంజర్లో ఎడమ చేత్తో ఒక కార్డ్ పట్టుకుంటే చాలు, తాళం, బేస్ అన్నీ అదే వాయించేస్తుంది. ఒంటరిగా పాడుకునేవాళ్లకి హాయి. వర్క్‌స్టేషన్ అలా కాదు, మనమే కట్టుకోవాలి. షాపులో ఈ తేడా అడక్కుండా డబ్బు కడితే, ఇడ్లీ పాత్ర అడిగి కుక్కర్ తెచ్చుకున్నట్టే.

మూడు కంపెనీల పెట్టెలూ ఒకేచోట ఉన్న షాపు హైదరాబాద్‌లో ఉందని తెలిసి, తెల్లవారుజామున బస్సెక్కాం. యమహా మోడ్‌ఎక్స్ ప్లస్, రోలాండ్ ఫాంటమ్-0, కోర్గ్ నాటిలస్. వీటిలో ఏది కొన్నా లక్ష దాటే మాటే. ఒక్కోదానికీ ఒక్కో వంశం ఉంది. మోడ్‌ఎక్స్ 2018లో వచ్చింది, 2016 నాటి మోంటాజ్‌కి చెల్లెలు. ఫాంటమ్-0 వచ్చింది 2022లో. 2019లో వచ్చిన పెద్ద ఫాంటమ్‌కి ఇది తేలిక రూపం. నాటిలస్‌ని 2020 చివర్లో ప్రకటించారు. అది 2011 నాటి క్రోనోస్ వారసురాలు, తొమ్మిది రకాల శబ్దయంత్రాలు దాని కడుపులో ఉన్నాయి.

షాపబ్బాయి పెద్ద స్పీకర్లకి కలిపి, కంపెనీ పెట్టిచ్చిన డెమో పాట మోగించాడు. మావారి ముఖం వెలిగిపోయింది. మూడింటికీ మూడుసార్లు వెలిగింది. డెమో అంటే పెళ్లిచూపుల్లో కట్టిన పట్టుచీర. రోజూ కాపురం చేసేది దాంతో కాదు. చిన్నీ తన హెడ్‌ఫోన్స్ తెచ్చుకుంది. ప్రతి సౌండ్‌కీ వెనకాల గుడి మంటపంలో మోగినట్టు ప్రతిధ్వని కలిపి ఉంచుతారు. ముందు దాన్ని తీసేయించింది. అప్పుడు ఒకే పాట, ఒకే నాలుగు వరసలు, మూడింటి మీదా వాయించింది. మధ్యమధ్యలో హెడ్‌ఫోన్స్ నా చెవికి పెట్టింది. నాకు వినిపించింది నేను చెబుతాను. నా చెవి నాటకాల హార్మోనియం విన్న చెవి, అంతే సుమా.

పియానో సౌండ్ తీసుకోండి. యమహాది తేటగా, కొంచెం మెరుపుతో ఉంది. డ్రమ్స్, గిటార్ల మధ్య కూడా విడిగా వినబడుతుందని చిన్నీ అంది. కోర్గ్‌ది నిండుగా ఉంది. ఒక స్వరం నొక్కిపట్టి ఉంచితే, అది తగ్గుతూ తగ్గుతూ పోయే తీరు గుడిగంట ఆగుతున్నట్టు సహజంగా ఉంది. ఇంట్లో ఒంటరిగా వాయించుకునే రాత్రులకి అదే నా ఓటు. రోలాండ్‌లో నాకు పియానో కంటే వయొలిన్ల గుంపు బాగా నచ్చింది. పాట వెనక పల్చగా పరిచినట్టు వచ్చే ఆ శబ్దం, పాత సినిమా పాటల్లో వానకి ముందు వచ్చే గాలిలా ఉంది. యమహాలో ఇంకో వరం ఎఫ్ఎం శబ్దాలు. 1983లో వచ్చిన డీఎక్స్7 నాటి గాజుగిన్నె మోత లాంటి ఎలక్ట్రిక్ పియానో. మన చిన్నప్పటి పాటల్లో విన్న మోతే, మీరు వింటే గుర్తుపడతారు.

ఇక మన సంగీతానికి అసలు పరీక్ష వేరే ఉంది. గమకం. మెట్ల వాయిద్యం స్వరం మీద నిలబడగలదు కానీ స్వరాల మధ్య జారలేదు. హార్మోనియం మీద ఇదే నేరం మోపి 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మా నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు మారేది. కీబోర్డులో ఆ లోటు తీర్చడానికి ఎడమ చేతికి ఒక సాధనం ఉంటుంది. యమహాలో అది చక్రం, రోలాండ్‌లో పక్కకి తోసే చిన్న పిడి, కోర్గ్‌లో నాలుగు వైపులా కదిలే జాయ్‌స్టిక్. కుడిచేత్తో స్వరం, ఎడమచేత్తో జారుడు. చెన్నైలో కె. సత్యనారాయణన్ గారు కీబోర్డు మీదే కర్ణాటక కచేరీలు చేస్తున్నారంటే ఆ ఎడమ చేతి సాధనే. చిన్నీ ఫ్లూట్ సౌండ్ పెట్టి మూడింటి మీదా మోహన పట్టింది. చక్రం ఎక్కడ వదిలితే ఎక్కడ ఆగాలో తనకి చక్రం మీదే తెలుస్తోందంది. ఇది అలవాటు విషయం. ఇంకొకరికి పిడే హాయిగా ఉండొచ్చు.

ఇక కీస్. నేను వచ్చిందే దీనికోసం. మూడు కంపెనీల్లోనూ 88 కీస్ ఉన్న పెద్ద మోడళ్లకి సుత్తి బరువు ఉన్న కీస్ ఇచ్చారు. చిన్న మోడళ్లకి తేలిక కీస్. కోర్గ్ పెద్దదాని కీస్ మీద చిన్నీ వేళ్లు పడగానే నాకు పరీక్ష రోజు గుర్తొచ్చింది. ఎడమవైపు మంద్రంలో బరువుగా, కుడివైపు పోతున్నకొద్దీ తేలిగ్గా, అచ్చం పియానోలాగే. రోలాండ్ కీస్ మీద దంతం లాంటి సన్నని గరుకుతనం ఉంది, చెమట చేతికి జారదు. యమహా పెద్దది కొంచెం నెమ్మదిగా లేస్తుందనిపించింది, కానీ అదీ పియానో దారిలోనే ఉంది. "ఈ మూడింట్లో ఏదో ఒకటి తీసుకో, తేలిక కీస్ మాత్రం వద్దు" అన్నాను. కోర్గ్ పెద్దది నా చీటీ డబ్బుకి అందదు. "ఇంకొంచెం కలుపుదాంలే" అన్నారు మావారు.

చిన్నీ ఏం మాట్లాడలేదు. షాపబ్బాయి వైపు తిరిగి, "ఇది ఎత్తి చూడొచ్చా?" అని అడిగింది.

ఆ అబ్బాయి వింతగా చూశాడు. సౌండ్ విననివ్వమని అడిగేవాళ్లే గానీ, ఎత్తనివ్వమని ఎవరూ అడగరేమో. కోర్గ్ 88 కీస్‌ది 23 కేజీలు. మనం తెచ్చుకునే 25 కేజీల బియ్యం బస్తా గుర్తు తెచ్చుకోండి. నిలువునా మనిషంత పొడుగు, పట్టుకోవడానికి చెవులు లేవు. రోలాండ్ పెద్దది 15 కేజీల చుట్టూ, యమహా పెద్దది 14 కేజీల దగ్గర. అంటే మన గ్యాస్ సిలిండర్లో ఉండే గ్యాస్ అంత బరువు. దానికి పెట్టె బరువు అదనం. అదే యమహాలో 76 కీస్ మోడల్ ఏడున్నర కేజీల దగ్గర ఉంది.

"మోయడానికి నేనున్నాగా" అన్నారు మావారు. ప్రేమగానే అన్నారు.

"నాన్నా, రిహార్సల్ మూడో అంతస్తులో. లిఫ్ట్ లేదు. రాత్రి పదింటికి ఫంక్షన్ అయిపోతే, నువ్వొచ్చేదాకా ఈ పెట్టెకి నేను కాపలా కూర్చోవాలి. నీకు జ్వరమొస్తే ఆ రోజు ప్రోగ్రామే లేదు" అంది చిన్నీ. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "నువ్వు తొమ్మిదో క్లాసు చిన్నీకి కొంటున్నావమ్మా. నేను ఇప్పుడు పియానో పరీక్ష రాయట్లేదు. బ్యాండ్‌లో నేను వాయించేది ఎక్కువ ఫ్లూటు, వయొలిన్లు, బ్రాస్. వాటికి బరువు కీస్ అడ్డం" అంది.

నేను నోరు మూసుకున్నాను. సౌండ్స్ లెక్కపెట్టే మగవాళ్లని చూసి నవ్వుకున్న నేను కూడా, నా పాత తప్పుని దిద్దుకోవడానికి పిల్ల వేళ్లని వాడుకుంటున్నానని అప్పుడు తెలిసింది. "మెట్టు వేలి కింద బతికుండాలి" అన్న మా నాన్న, ఎవరి వేలి కింద అన్నది చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నారేమో.

"నేనున్నాగా" అన్న మాట గురించి బస్సులో తిరిగొస్తూ చాలాసేపు ఆలోచించాను. మనలో ఎంతమందికి ఆ మాట మీదే పెట్టెలు మూతపడలేదు? వీణ నేర్చుకుని పెళ్లయ్యాక వాయించని వాళ్లు నాకు నలుగురు తెలుసు. ఎవరో తీసుకెళ్లాలి, ఎవరో తీసుకురావాలి. తీసుకెళ్లేవాళ్లకి ఆ రోజు కుదరదు. అలా ఒక్కో రోజూ పోయి వీణ అటక మీదికి చేరుతుంది. ఎవరూ వద్దనలేదు. ఒక్కరే మోయలేకపోయారు, అంతే. ఆడపిల్ల వాయిద్యం ఎంచేటప్పుడు బరువు అన్నది చిన్న అక్షరాల్లో చివర చదివే వివరం కాదని నా గట్టి అభిప్రాయం. శబ్దం ఎంత గొప్పదైనా, తనంతట తాను తీసుకెళ్లలేని పెట్టె సగం తనది కాదు.

అలాగని నా మొదటి మాట వెనక్కి తీసుకోవడం లేదు. చిన్న పిల్లలకి పియానో నేర్పిస్తుంటే సుత్తి బరువున్న కీస్ ఉన్నదే కొనండి. పది సౌండ్స్ ఉన్నా చాలు. ఇంట్లో ఒకచోటే ఉండే దానికి బరువు అడ్డం కాదు. ఆర్గాన్, సింథ్ వాయించేవాళ్లకి, రోజూ మోసుకెళ్లేవాళ్లకి తేలిక కీస్ మేలు. కర్ణాటక బాణీ కావాలంటే ఎడమచేతి చక్రమో పిడో ముందు చూడండి. కీ నొక్కిపట్టాక ఇంకా అదిమితే శబ్దం మారే ఆఫ్టర్‌టచ్ అనే సౌకర్యం ఒకటుంది. మోడ్‌ఎక్స్ కీస్‌కీ, ఫాంటమ్-0 కీస్‌కీ అది లేదు. కావాలనుకునేవాళ్లు పై మోడళ్లకి వెళ్లాలి. ఇంకో మాట, నాటిలస్ లాంటిది ఆన్ చేశాక సిద్ధం కావడానికి కాస్త టైం తీసుకుంటుంది. మన ఫంక్షన్ హాళ్లలో కరెంటు సంగతి తెలిసిందే. ఏది కొన్నా చిన్న యూపీఎస్ ఒకటి పక్కన ఉంచుకోండి.

చివరికి చిన్నీ ఎంచుకున్నది యమహా 76 కీస్‌ది. ఉన్న తేలిక కీస్‌లో వేలికి కొంచెం ఎదురు చెప్పేది అదే అంది. పియానో చెయ్యి పోకుండా ఆదివారాలు వాళ్ల టీచర్‌గారింటికి వెళ్లి వాయించుకుంటానంది. పెట్టెని వీపుకి తగిలించుకుని, షాపు మెట్లు తనే దిగింది. మావారు వెనకాలే చేతులు చాచుకుంటూ నడిచారు, ఎక్కడ జారుతుందోనని. అవసరం రాలేదు.

ఏఆర్ రెహమాన్ గారికి తల్లి తన నగలు ఇస్తే మొదటి రికార్డర్ వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. మా తమ్ముడు ఆ కథ చెప్పి, "నువ్వూ అలాంటి తల్లివే అక్కా" అన్నాడు. నాకు అంత పేరు వద్దురా అన్నాను. గాజులు కొనలేదన్న దిగులు ఒక్కోసారి నాకూ ఉంటుంది. పిల్ల రేపు ఈ బ్యాండ్ మానేయొచ్చు కూడా. డబ్బిచ్చే తల్లి గొప్పదే. కానీ ఇచ్చే ముందు "నీకు ఎలాంటిది కావాలి, నువ్వు మోయగలవా?" అని అడిగి, జవాబు వినే తల్లి కూడా కావాలి. మొదటిసారి నేను అడగలేదు. రెండోసారి కూడా అడగలేదు, పిల్లే చెప్పింది.

ప్రస్తుతం మా ఇంట్లో ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడానికి చోటు లేదు. పాత కీబోర్డు ఎదురింటి బుడ్డోడికి ఇచ్చేశాం. కొత్తదాని మీద పెట్టనివ్వదు. నిన్న సాయంత్రం అత్తయ్య దాని ముందు కూర్చుని ఒక్కో కీ నొక్కుతూ, "ఇదేంటే, సన్నాయి కూడా ఉందా ఇందులో?" అని అడుగుతున్నారు.

మీ ఇంట్లో కూడా ఏదైనా వాయిద్యం అటక మీద ఉందా? అది ఎందుకు అక్కడికి చేరిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బరువు వల్లేనా?